వ్యాపారస్తుడు పుస్తకం వేస్తే ఏమొస్తుంది?

విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో, పుస్తకాల పేజీలు కంప్యూటర్లో కూర్చే మా డీటీపీ గదికి రాతప్రతి పట్టుకుని వచ్చేవాళ్లలో ఒకప్పుడు కవులు, రిటైరైన మాస్టార్లే ఎక్కువ. ఇప్పుడు వరస మారింది. గాజువాకలో ఇంటీరియర్స్ చేసే ఆయన వస్తున్నారు, ఎంవీపీ కాలనీ నుంచి పళ్ల డాక్టరమ్మ వస్తున్నారు, ఆటోనగర్ నుంచి వర్క్‌షాపు యజమాని వస్తున్నారు. కూర్చోగానే అందరూ అడిగేవి రెండే. "ఎంతవుతుందండీ?" "ఎన్ని అమ్ముడుపోతాయంటారు?" మొదటిదానికి కాగితం, పెన్ను తీసుకుని లెక్క చెప్పేయొచ్చు. చిక్కంతా రెండోదానితోనే. వ్యాపారం కోసం వేసే పుస్తకం అమ్ముడుపోయి లాభం తెచ్చే సరుకు కాదు. ఈ మాట ముందే ఎవరూ చెప్పకపోవడం వల్ల మంచి పనిమంతులు కొందరు నా కళ్లముందే డబ్బు పోగొట్టుకున్నారు, మనసు విరిగి కాపీలు అటక మీద పడేశారు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. డెమీ సైజులో, అంటే మామూలు నవల సైజులో, 160 పేజీల పుస్తకం అనుకోండి. ఒకేసారి అచ్చయ్యే 16 పేజీల ఫారాలు పది. లోపల 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 70 గ్రాముల) మ్యాప్‌లితో కాగితం, పైన మల్టీకలర్ కవరు, లామినేషన్, 500 కాపీలు. కాగితం ధర తరచూ మారుతుంటుంది కాబట్టి అసలు అంకె వేయను. లెక్క కోసం అన్నీ కలిపి కాపీకి 80 రూపాయలు పడిందనుకుందాం. వెల 150 వేశారు. షాపువాళ్లకి నలభై శాతం కమీషన్ పోతే మీ చేతికొచ్చేది 90. అందులో అచ్చు ఖర్చు పోను మిగిలేది పది రూపాయలు. ఒక్క కాపీ కూడా మిగలకుండా 500 అమ్ముడుపోతే మొత్తం లాభం 5,000. ఆ డబ్బు వసూలుకి షాపుల చుట్టూ తిరిగే పెట్రోలు ఇందులో వేయలేదు.

అదే పుస్తకం చదివిన ఒక ఇంటాయన నమ్మకం కుదిరి రెండు లక్షల పని అప్పగించాడనుకోండి. లెక్క మొత్తం మారిపోతుంది. ఈ పుస్తకానికి రాబడి పుస్తకం బయట ఉంటుంది. ఇది మనసులో పెట్టుకుంటే ఏం రాయాలి, ఎన్ని వేయాలి, ఎవరికివ్వాలి అన్న ప్రశ్నలన్నీ ఒకదాని వెంట ఒకటి తేలిపోతాయి.

ఇదేమీ మనకు కొత్త విద్య కాదు. ఉగాది వస్తుందంటే బంగారం కొట్లు, బట్టల షాపులు పంచాంగాలు అచ్చువేయించి పంచుతాయి. అట్ట మీద కొట్టు పేరు, లోపల తిథి, వారం, నక్షత్రం. వర్జ్యం చూడాలన్నా, గృహప్రవేశానికి మంచిరోజు చూడాలన్నా ఏడాదంతా ఆ పుస్తకమే తీయాలి. జగదాంబ సెంటర్లో చేతిలో పెట్టిన కరపత్రం రోడ్డు దాటేలోపే కింద పడుతుంది. పంచాంగం మాత్రం వంటింటి గోడకి మేకు మీద పన్నెండు నెలలు వేలాడుతుంది. ఎందుకంటే లోపలి పేజీల్లో ఆ కొట్టు గురించి ఒక్క ముక్క కూడా ఉండదు, ఇంటికి కావలసిందే ఉంటుంది. వ్యాపారం కోసం పుస్తకం రాసేవాళ్లు నేర్చుకోవలసిన పాఠం ఇంతకంటే పెద్దది లేదని నా నమ్మకం.

ఎవరి కథ రాయాలి

కొన్నేళ్ల కిందట పెదవాల్తేరు నుంచి ఒకాయన వచ్చారు. పాత ఇళ్లకి, అపార్ట్‌మెంట్లకి మరమ్మతులు, వాటర్‌ప్రూఫింగ్ చేస్తారు. ముప్ఫై ఏళ్ల అనుభవం. తెచ్చిన రాతప్రతి మాత్రం ఆత్మకథ. చోడవరం దగ్గర పల్లెలో పుట్టడం, కూలిపనితో మొదలుపెట్టడం, మొదటి కాంట్రాక్టు, సన్మానాలు, పెద్దవాళ్లతో దిగిన ఫోటోలు. నిజాయతీగా రాశారు. చదువుతుంటే ఆయన మీద గౌరవం కలిగింది. కానీ శ్లాబు కారుతున్న ఇంటివాళ్లు ఇది కొని ఎందుకు చదువుతారన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

"మీకు ఫోన్ చేసేవాళ్లు రోజూ ఏమడుగుతారండీ?" అన్నాను.

ఆ ఒక్క ప్రశ్నతో ఆయన రెండు గంటలు మాట్లాడారు. ఫ్లాటు కొని మూడేళ్లు కాలేదు, బాల్కనీ కింద పెచ్చులు ఊడుతున్నాయి, బిల్డరు మోసం చేశాడా? బీచ్ వైపు గ్రిల్స్‌కి ఏటా పెయింటు వేయిస్తున్నా తుప్పు ఎందుకు ఆగదు? పైఫ్లాటు బాత్రూం నుంచి మా గోడకి చెమ్మ దిగుతోంది, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకి కిటికీలు ఊడిపోయాయి, మళ్లీ అలాంటిది వస్తే ఈ కొత్త అద్దాలు ఆగుతాయా?

జవాబులు ఆయన నోటితోనే ఎంత తేటగా వచ్చాయో! సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, అది కాంక్రీటు సందుల్లోంచి మెల్లగా లోపలి చువ్వదాకా చేరుతుంది, చువ్వ తుప్పు పడుతుంది, తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపలినుంచి తోసి పైపెచ్చుని ఊడగొడుతుంది. పైన సిమెంటు పూసినంత మాత్రాన అది ఆగదు. చువ్వ మీద తుప్పు గీకి, శుభ్రం చేసి, దానికి పూత వేసి ఆ తర్వాతే మూయాలి. కొత్తగా కట్టేవాళ్లయితే శ్లాబు పోసేరోజు చువ్వల కింద వాటిని ఎత్తిపట్టే చిన్న దిమ్మలు, అంటే కవర్ బ్లాకులు, పెట్టారో లేదో స్వయంగా చూసుకోవాలి. ఇదంతా ఫోన్లో రికార్డు చేశాను. ఆయన అసలు పుస్తకం ఆ రికార్డింగులోనే ఉంది.

అప్పుడు ఆయన ఒక మాటన్నారు. వచ్చిన వ్యాపారస్తులందరూ ఏదో ఒక రూపంలో అనే మాటే అది. "అన్నీ చెప్పేస్తే ఇంక నన్నెందుకు పిలుస్తారు మాస్టారూ?"

ఈ భయం దగ్గరే చాలా పుస్తకాలు పాడవుతాయి. సగం చెప్పి, "మిగతా వివరాలకు సంప్రదించండి" అని ఆపేస్తారు. పాఠకుడికి వెంటనే అర్థమైపోతుంది, ఇది పుస్తకం కాదు, లావుపాటి కరపత్రం అని. నిజానికి చదివి తానే సారువు ఎక్కి పని చేసుకునేవాడు ఎప్పుడూ మీ కస్టమరు కాదు. మిగతావాళ్లకి కావలసింది పని నేర్చుకోవడం కాదు. పని ఎవరు సరిగ్గా చేస్తున్నారో పోల్చుకునే చూపు కావాలి. ఆ చూపు మీరే ఇచ్చారంటే, ఆ చూపుతో వాళ్లు మొదట చూసేది మిమ్మల్నే.

ఆయనతో పట్టుబట్టి ఇంకో రెండు అధ్యాయాలు రాయించాను. ఒకటి, ఏ పగుళ్లకి ఎవర్నీ పిలవనక్కర్లేదో చెప్పేది. గిలాబు మీద వెంట్రుకల్లాంటి సన్న గీతలకి, ఏడాది గడిచినా పెరగని వాటికి డబ్బు తగలేయొద్దని రాశారు. రెండోది ఆయన తొలిరోజుల్లో చేసిన తప్పులు. టెర్రస్ మీద వాలు చూసుకోకుండా పూత వేసి, తూము దగ్గర నీళ్లు నిలిచి, పని మళ్లీ సొంత ఖర్చుతో చేయాల్సిరావడం. రెండోది రాయడానికి ఆయనకి చాలా కష్టమైంది. పుస్తకం చదివి ఫోన్ చేసినవాళ్లలో ఎక్కువమంది ఎత్తిన ప్రస్తావన మాత్రం ఈ రెండింటి గురించే.

ఆత్మకథ ఏమైందంటే, ముందుమాటలో రెండు పేజీలు అయింది. అక్కడ అది బాగా ఒదిగింది.

అన్ని వ్యాపారాలకీ పుస్తకం అక్కర్లేదు. కర్రీ పాయింటుకి రుచి చాలు. కొనేవాడు ఎక్కువ డబ్బు పెట్టాలి, జీవితంలో ఒకటి రెండుసార్లే ఆ పని పడాలి, మోసపోతానేమో అన్న టెన్షన్ ఉండాలి. ఇల్లు, చదువు, పెళ్లి, ఆరోగ్యం, పొలం, ఎగుమతి లాంటివి. అక్కడే పుస్తకం పని చేస్తుంది.

డాక్టర్లు, లాయర్లు, ఆడిటర్లు ఆగి చూసుకోవలసినవి

ఈ మూడు వృత్తుల్లో ప్రకటన ఇచ్చుకోవడం మీద నిబంధనలున్నాయి. 2002 నాటి వైద్య ప్రవర్తనా నియమాల ప్రకారం డాక్టరు ప్రజారోగ్యం, పరిశుభ్రత లాంటి విషయాల మీద సొంత పేరుతో రాయొచ్చు, కానీ తన ప్రాక్టీసుకి ప్రచారమయ్యేలా రోగాలు, చికిత్సల గురించి పత్రికల్లో రాయకూడదు. వకీళ్లకి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నియమం, చార్టర్డ్ అకౌంటెంట్లకి 1949 చట్టం మొదటి షెడ్యూలు ఇంచుమించు ఇదే చెబుతాయి. పళ్ల డాక్టరమ్మకి నేను చెప్పింది ఇదే: పిల్లల పళ్లు ఎలా కాపాడాలో నిండుగా రాయండి, మీ క్లినిక్ ఫోటోలు, ప్యాకేజీలు, పేషెంట్ల పొగడ్తలు ఒక్కటీ వద్దు. అట్ట మీద పేరు, చదువు చాలు.

మూలికలు, ఆయుర్వేదం అమ్మేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మధుమేహం, క్యాన్సర్ లాంటి జబ్బులు నయం చేస్తామనే ప్రకటనల్ని నిషేధించింది. నిజమైన శాస్త్రీయ, సామాజిక దృష్టితో రాసిన గ్రంథాలకి అదే చట్టం 14వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. పుస్తకం పేరు పెట్టి లోపల మందు అమ్మితే ఆ మినహాయింపు నిలవదు.

ఎవరు రాస్తారు, ఎవరి సొంతం

పనిలో ఆరితేరినవాళ్లకి కూర్చుని రాసే అలవాటు ఉండదు. మాట్లాడటం బాగా వస్తుంది. కాబట్టి ఫోన్ రికార్డింగే దారి. ఒక్కో ప్రశ్నకి ఇరవై నిమిషాలు మాట్లాడండి, ఎవరితోనైనా టైపు చేయించండి, తర్వాత దిద్దుకోండి. దిద్దేవాళ్లు మీ మాటని గ్రాంథికం చేయకుండా చూసుకోండి. 'పిట్టగోడ' అన్నచోట 'ప్రహరీ కుడ్యము' అని మారిస్తే మీ గొంతు పోయినట్టే. ఈమధ్య కొందరు చాట్‌బాట్‌తో రాయించి తెస్తున్నారు. వాక్యాలు నున్నగా ఉంటాయి. లాసన్స్ బే కాలనీలో తూర్పు గోడకే తుప్పు ఎందుకు ముందు పడుతుందో మాత్రం అందులో ఉండదు. మీరు అమ్ముకోగలిగింది ఆ తెలివే, దాన్నే వదిలేస్తే ఎలా?

డబ్బిచ్చి వేరేవాళ్లతో రాయిస్తే ఒక చిన్న కాగితం తప్పనిసరి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచన మీద తొలి హక్కు రాసిన మనిషిది. మీ దగ్గర జీతానికి ఉన్న ఉద్యోగి రాస్తే వేరు. బయటివాళ్లు రాసిపెడితే డబ్బిచ్చినంత మాత్రాన హక్కు మీకు రాదు. రాతపూర్వకంగా, సంతకంతో బదిలీ చేయించుకోవాలి. అందులో ఎంతకాలానికో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లకే లెక్కేస్తుంది, ఎక్కడెక్కడికో రాయకపోతే భారతదేశం వరకే. దుబాయ్‌లోనో అమెరికాలోనో ఉన్న మనవాళ్లకి అమ్మాలనుకునేవాళ్లు ఈ రెండు వాక్యాలు వదలకూడదు. కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రాసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది. గొడవ వస్తే సాక్ష్యంగా పనికొస్తుందనుకుంటే సాహిత్య రచనకి ఫీజు 500 రూపాయలు.

డబ్బు కట్టించుకుని పుస్తకం మొత్తం తయారుచేసి ఇచ్చే ప్యాకేజీ కంపెనీల దగ్గర కూడా చూడవలసింది ఇదే. ఆటోనగర్ ఆయనకి ఒక చేదు అనుభవం ఉంది. ఆన్‌లైన్లో దొరికిన ఒక సంస్థకి ప్యాకేజీ కింద డబ్బు కట్టారు. పుస్తకానికి గుర్తింపు సంఖ్య, అంటే ఐఎస్‌బీఎన్, ఇప్పిస్తామని దానికి విడిగా తీసుకున్నారు. పుస్తకం బాగానే వచ్చింది. ఏడాది తర్వాత రెండో ముద్రణ వేద్దామంటే పేజీల ఫైలు ఇవ్వనన్నారు, ఐఎస్‌బీఎన్ కూడా వాళ్ల పేరు మీదే ఉంది. మళ్లీ మొదటినుంచి మా గదిలో డీటీపీ చేయాల్సివచ్చింది. ఆయన బాధ చూసినప్పటినుంచి నేను ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను: మన దేశంలో ఐఎస్‌బీఎన్ ఉచితం. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది, ఆన్‌లైన్లో దరఖాస్తు చేసుకోవచ్చు, రచయితే తన పేరుతో తీసుకోవచ్చు. 978-81తోనో 978-93తోనో మొదలయ్యే 13 అంకెలు అవి. అచ్చు పుస్తకానికి ఒకటి, ఈ-బుక్‌కి ఇంకొకటి. అది గుర్తింపు సంఖ్య మాత్రమే, దానివల్ల హక్కులేవీ రావు. ప్యాకేజీ తీసుకోవడం తప్పేం కాదు, తిరిగే ఓపిక లేనివాళ్లకి అది సుఖమే. సంతకం పెట్టేముందు మూడు మాటలు కాగితం మీద ఉండాలి: ఫైళ్లు నావి, హక్కులు నావి, రాయల్టీ లెక్క ఏ మొత్తం మీద. 'నూటికి నూరు రాయల్టీ' అంటే అచ్చు ఖర్చు, ఆన్‌లైన్ కమీషన్ అన్నీ తీసేశాక మిగిలినదాంట్లో నూరు అని చాలాచోట్ల అర్థం.

ఫైలు అన్నాను కాబట్టి అక్షరాల సంగతి కూడా చెప్పాలి, ఇది తెలుగువాళ్లకి ప్రత్యేకమైన ఇబ్బంది. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేరు, అను అనే తెలుగు ఫాంట్స్. తెర మీద ముచ్చటగా కనిపిస్తాయి. కానీ అక్కడున్నది కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో మన గుణింతాల ముక్కల బొమ్మలు పెట్టారంతే. ఆ వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే గజిబిజి వస్తుంది, గూగుల్లో వెతికితే దొరకదు, ఈ-బుక్ చేయాలంటే మార్పిడిలో వత్తులు తారుమారవుతాయి. వ్యాపారం కోసం వేసే పుస్తకంలోని అధ్యాయాలు రేపు వెబ్‌సైటులో, ఫోన్లలో తిరగాలి కదా. అందుకని మొదట్లోనే యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ తెలుగుని తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతిలో, కొట్టించండి. అమెజాన్ వాళ్ల ఈ-బుక్ దుకాణం కిండిల్ 2016 డిసెంబరులో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు ఆ ఐదింటిలో తెలుగు లేదు. మన అక్షరం మన చేతిలో శుభ్రంగా ఉంటే ఏ తలుపు తెరుచుకున్నా వెళ్లొచ్చు.

ఫోటోల విషయం ఒక్క మాట. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో అచ్చుకి పనికిరాదు, అది కుదించి పంపుతుంది. అసలు ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకురండి. నలుపు తెలుపులో పగులు ఫోటో వేస్తే మసిలాగా వస్తుంది. పెదవాల్తేరు ఆయన పుస్తకంలో గీతల బొమ్మలు వేయించాం, ఖర్చు తగ్గింది, అర్థమూ బాగా అయింది.

ఎన్ని వేయాలి, ఎవరికివ్వాలి

ప్లేట్లు చేసి మెషీన్ మీద వేసే ఆఫ్‌సెట్ అచ్చులో ఆ ప్లేట్ల ఖర్చు ముందే పడిపోతుంది కాబట్టి ఎక్కువ వేస్తేనే కాపీ చవక. డిజిటల్ ప్రింటులో యాభై వేసినా కుదురుతుంది, కాపీ ధర మాత్రం ఎక్కువ. "వెయ్యి వేస్తే చవక" అన్న మాటకి లొంగకండి. ముందు యాభై డిజిటల్‌లో వేసి, నమ్మకమైన కస్టమర్లకి, ఆ పని తెలిసిన మేస్త్రీలకి ఇచ్చి తప్పులు పట్టించండి. తర్వాతే ఆఫ్‌సెట్.

ఊరికే పంచాలా, వెల పెట్టాలా అన్నది అందరూ అడుగుతారు. ఫ్రాన్సులో మిషెలిన్ టైర్ల కంపెనీ 1900లో కార్లవాళ్ల కోసం ఒక దారిచూపే పుస్తకం వేసింది. అప్పటికి ఆ దేశంలో కార్లు మూడు వేలు కూడా లేవు. మనుషులు కార్లలో తిరిగితే టైర్లు అరుగుతాయి, అదీ ఆలోచన. ఇరవై ఏళ్లు ఉచితంగా పంచారు. ఒక షెడ్డులో బల్ల కాలు ఎత్తు చాలక తమ పుస్తకాలు కింద పెట్టడం చూసి, 1920 నుంచి వెల పెట్టారని ఆ కంపెనీయే చెప్పుకుంటుంది. నా అభిప్రాయం కూడా అదే. అట్ట మీద వెల ఉండాలి. ఇష్టమైనవాళ్లకి మీరు ఊరికే ఇవ్వండి, కానీ పుచ్చుకునేవాళ్లకి అది వెలగల వస్తువని తెలియాలి. అచ్చు పుస్తకాలకి జీఎస్టీ కూడా లేదు.

ఆవిష్కరణ సభ మీద పెట్టే ఖర్చు చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. హాలు, ఫ్లెక్సీలు, శాలువాలు, టిఫిన్లు. వచ్చిన పెద్దలకి శ్లాబు కారడం లేదు, పుస్తకం వాళ్ల టీపాయ్ మీద ఉండిపోతుంది. పెదవాల్తేరు ఆయన సభ పెట్టలేదు. ఏప్రిల్‌లో, వానలకి ముందు మరమ్మతులు చేయించుకునే రోజుల్లో, ఆదివారం ఆదివారం ఒక్కో అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుకి వెళ్లారు. అరగంట మాట్లాడి, టెర్రస్ ఎక్కి చూపించి, పుస్తకం ఇచ్చి వచ్చారు. కొన్ని కాపీలు హార్డ్‌వేర్ షాపుల కౌంటర్ల మీద పెట్టారు. ద్వారకానగర్ పౌరగ్రంథాలయానికి రెండు ఇచ్చారు. గ్రంథాలయాలకి పుస్తకాలు అందజేయడం మీద ఉన్న ఇంకో 1954 చట్టం ప్రకారం ప్రచురణకర్త 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని మూడు గ్రంథాలయాలకి ఒక్కో కాపీ పంపాలి, అవీ పంపారు. ఆ రసీదులు ఆయన ఇంకా దాచుకున్నారు.

బయటి ఊళ్లకి పంపడానికి తపాలా శాఖ 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అనే పుస్తకాల తపాలా సేవ తెచ్చింది. 300 గ్రాముల వరకు పన్నులు కాకుండా 20 రూపాయలు. పైన చెప్పిన 160 పేజీల డెమీ పుస్తకం కవరుతో కలిపి తూకం వేస్తే 190 గ్రాముల దగ్గర తేలుతుంది, హాయిగా సరిపోతుంది. కాకపోతే నియమాలున్నాయి. పుస్తకం మీద అచ్చువేసినవాళ్ల పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి. వ్యాపార స్వభావం ఉన్న ప్రచురణలు, ప్రకటనలున్నవి చెల్లవు. ఆ ధరకి పంపాలంటే మీది నిజంగా పుస్తకమై ఉండాలి, సరుకు పట్టిక కాకూడదు.

మీ చిరునామా, ఫోన్ నంబరు ఎక్కడ వేయాలంటే చివరి పేజీలో, ఒక్కసారి. ప్రతి అధ్యాయం చివరా వేయొద్దు. దాని కింద "ఇందులో మీకు దొరకని జవాబు ఉంటే ఫోన్ చేయండి" అని ఒక లైను వేయించాం. ఆ లైను చూసి వచ్చిన ఫోన్లన్నీ ఆయన ఒక నోటుబుక్కులో రాసుకున్నారు. బీచ్ రోడ్డు ఫ్లాట్లవాళ్లలో పదిమందికి పైగా అడిగింది ఒకే విషయం: ఏసీ బయటి యూనిట్ మోసే ఇనుప బ్రాకెట్లు తుప్పుపట్టి ఊగుతున్నాయి, కింద పిల్లలు ఆడుకుంటారు, ఏం చేయాలి? మొదటి ముద్రణలో దాని గురించి ఒక్క ముక్క లేదు. ఫైలు మా దగ్గరే, యూనికోడ్‌లోనే ఉంది కాబట్టి ఎనిమిది పేజీల అధ్యాయం చేర్చి రెండో ముద్రణ రెండు వారాల్లో ఇచ్చేశాం.